కాక్లియర్ ఇంప్లాంట్ – మనిషి తోడు

"చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు" అనే సామెతను మనం తరచుగా వాడుతుంటాం. ఎంత చెప్పినా ప్రయోజనం లేదు అనడానికి ఆ మాట. కానీ మిత్రులారా, ఒక్కసారి ఆలోచించండి. ఆ సామెతలో తప్పంతా వినలేనివాని మీదికే నెట్టేశాం. శంఖం ఊదినవాడు దగ్గరికి వచ్చాడా, ఎదురుగా నిలబడ్డాడా, చేతితో సైగ చేసి చెప్పాడా అని ఎవరూ అడగలేదు.

నేడు వైద్యశాస్త్రం ఎంతో ముందుకు పోయింది. పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు కూడా శబ్దం అందించే పరికరం వచ్చింది. దాని పేరు కాక్లియర్ ఇంప్లాంట్. మన బొల్లారంలో కూడా అది పెట్టుకున్న పిల్లలు ఉన్నారు. అయితే ఆపరేషన్ అయిపోగానే అంతా అయిపోయినట్లేనా? ఆ పిల్లవాడు బడికి పోవాలి, ఆడుకోవాలి, హాస్టల్‌లో ఉండి చదువుకోవాలి. దానికి ఎవరి తోడు కావాలి? ఎం.ఎస్.డబ్ల్యూ. చదువులో భాగంగా ఈ విషయం గురించి తెలుసుకున్న కొన్ని సంగతులను మన వార్షికోత్సవ సంచిక ద్వారా తమ్ముళ్లతో, పూర్వ విద్యార్థులైన అన్నలతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

చెవి ఎలా వింటుంది?

ఇది మనం హైస్కూలు జీవశాస్త్రంలో చదువుకున్నదే. గాలిలో వచ్చిన శబ్ద తరంగాలు కర్ణభేరిని తాకుతాయి. అది కంపిస్తుంది. ఆ కంపనాలు మధ్యచెవిలోని మూడు చిన్న ఎముకల ద్వారా లోపలి చెవికి చేరతాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగమే కాక్లియా. దానిలో సుమారు 15 వేల సన్నని రోమకణాలు ఉంటాయి. అవి కంపనాలను విద్యుత్ సంకేతాలుగా మార్చి, శ్రవణనాడి ద్వారా మెదడుకు పంపుతాయి. మనం వింటున్నామంటే నిజానికి మెదడు వింటోందన్నమాట.

ఈ రోమకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. పుట్టుకతోనే దెబ్బతినడానికి జన్యుపరమైన కారణాలుంటాయి. మేనరికపు పెళ్లిళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. గర్భిణికి రుబెల్లా సోకడం, పుట్టిన బిడ్డకు తీవ్రమైన కామెర్లు రావడం, మెదడువాపు జ్వరాలు, జెంటామైసిన్ వంటి కొన్ని మందులు కూడా కారణం కావచ్చు. పెద్దవాళ్లలో ఏళ్ల తరబడి యంత్రాల హోరులో పనిచేసినవారికి వినికిడి తగ్గుతుంది. మన పారిశ్రామికవాడలో బాయిలర్లు, కంప్రెసర్ల దగ్గర పనిచేసేవారు చెవులకు రక్షణ పెట్టుకోవాలనడం అందుకే. కర్మాగారాల చట్టం కూడా శబ్దం వల్ల వచ్చే చెవుడును వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది.

కాక్లియర్ ఇంప్లాంట్ అంటే ఏమిటి?

సాధారణ వినికిడి యంత్రం శబ్దాన్ని పెద్దది చేస్తుంది, అంతే. రోమకణాలే లేనప్పుడు ఎంత పెద్ద శబ్దమైనా లాభం లేదు. కాక్లియర్ ఇంప్లాంట్ ఆ కణాలను దాటుకుని నేరుగా శ్రవణనాడికే విద్యుత్ సంకేతం ఇస్తుంది. దీనిలో రెండు భాగాలు ఉంటాయి. చెవి వెనుక పెట్టుకునే ప్రాసెసర్ ఒకటి. అది మైకుతో శబ్దాన్ని పట్టి, అయస్కాంతంతో తలకు అంటుకుని ఉండే కాయిల్ ద్వారా లోపలికి పంపుతుంది. రెండవది ఆపరేషన్ చేసి చర్మం కింద అమర్చే భాగం. దాని నుంచి బయలుదేరే సన్నని తీగ కాక్లియాలోకి వెళ్తుంది. ఆ తీగ మీద కంపెనీని బట్టి 12 నుంచి 22 వరకు ఎలక్ట్రోడ్లు ఉంటాయి. 15 వేల కణాలు చేసే పనిని ఇరవై ఎలక్ట్రోడ్లు చేయాలంటే ఎంత కష్టమో ఊహించుకోండి. కాబట్టి ఇంప్లాంట్ ఉన్నవారు వినేది మనం వినేంత స్పష్టంగా ఉండదు. ముఖ్యంగా గోల ఉన్న చోట మాటలు విడదీసి పట్టుకోవడం వారికి చాలా శ్రమ.

దీని చరిత్ర కూడా ఆసక్తికరమైనదే. 1957లో పారిస్‌లో జోర్నో, ఏరియెస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు శ్రవణనాడికి విద్యుత్ ఇచ్చి శబ్దం కలిగించవచ్చని చూపించారు. 1961లో అమెరికాలో విలియం హౌస్ అనే వైద్యుడు మనుషులకు తొలి ఇంప్లాంట్లు అమర్చాడు. ఎక్కువ ఎలక్ట్రోడ్లతో మాటలు అర్థమయ్యేలా చేయడానికి కృషి చేసినవారిలో ఆస్ట్రేలియాకు చెందిన గ్రేమ్ క్లార్క్ ముఖ్యుడు. ఆయన తండ్రి మందుల దుకాణం నడిపేవాడు, ఆయనకు వినికిడి లోపం ఉండేది. తండ్రి పడే అవస్థ చూస్తూ పెరిగిన కొడుకు చెవి వైద్యుడయ్యాడు. చుట్టలు తిరిగిన కాక్లియాలోకి తీగను ఎలా పంపాలో తెలియక సతమతమవుతున్న రోజుల్లో, 1977లో సముద్రపు ఒడ్డున ఒక గవ్వలోకి గడ్డిపరకను దూర్చి చూశాడట. మొదలు గట్టిగా, కొస మెత్తగా ఉన్న పరక సులువుగా లోపలికి పోయింది. 1978 ఆగస్టులో మెల్‌బోర్న్‌లో, కారు ప్రమాదంలో వినికిడి పోగొట్టుకున్న ఒక వ్యక్తికి ఆయన ఆపరేషన్ చేశాడు. 2013లో ఆయనకు, ఆస్ట్రియాకు చెందిన ఇంగెబోర్గ్ హోక్‌మైర్‌కు, అమెరికాకు చెందిన బ్లేక్ విల్సన్‌కు కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు.

ఆపరేషన్ తరువాతే అసలు పని

ఆపరేషన్ కొన్ని గంటల్లో అయిపోతుంది. గాయం మానాక, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు, యంత్రాన్ని ఆన్ చేస్తారు. ఆ రోజు బిడ్డ "అమ్మా" అని పిలుస్తాడని చాలామంది తల్లిదండ్రులు ఎదురుచూస్తారు. అలా జరగదు. మొదటిసారి శబ్దం వినగానే చాలామంది పిల్లలు ఉలిక్కిపడతారు, ఏడుస్తారు. ఆ శబ్దానికి అర్థం ఏమిటో మెదడుకు ఇంకా తెలియదు. గిన్నె చప్పుడు ఏది, కుక్క అరుపు ఏది, అమ్మ గొంతు ఏది అనేది ఒక్కొక్కటిగా నేర్పాలి. దీనినే ఆడిటరీ వెర్బల్ థెరపీ అంటారు. అప్పుడప్పుడు ఆసుపత్రికి వెళ్లి యంత్రాన్ని సరిచేయించుకోవాలి. దానిని మ్యాపింగ్ అంటారు.

ఎంత చిన్న వయసులో అమర్చితే అంత మంచిది. అమెరికాలో అను శర్మ అనే శాస్త్రవేత్త 2002లో ప్రచురించిన పరిశోధన ప్రకారం మూడున్నరేళ్ల లోపు అమర్చిన పిల్లల్లో మెదడు శబ్దానికి బాగా అలవాటు పడింది. ఏడేళ్లు దాటిన తరువాత అమర్చితే చాలామందిలో ఆ ఫలితం రాలేదు. అందుకే బిడ్డ పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలని నిపుణులు చెబుతారు. "మా తాత కూడా ఆలస్యంగానే మాట్లాడిండు, వీడూ మాట్లాడతడులే" అని ఇంట్లో పెద్దలు ఊరుకోబెట్టే ఒక్కొక్క సంవత్సరం ఎంత విలువైనదో దీనిని బట్టి తెలుస్తుంది.

పేదవానికి అందిన వైద్యం

ఈ పరికరం ఖరీదు లక్షల్లో ఉంటుంది. ఒకప్పుడు కూలి చేసుకునేవారు దాని పేరు కూడా వినలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం 2008 జూలై నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఆ పథకంలో ఆరేళ్ల లోపు పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌ను, థెరపీతో సహా 6.50 లక్షల రూపాయల వరకు చేర్చారు. తెల్లకార్డు ఉన్న ఇంటి బిడ్డకు అంత ఖరీదైన యంత్రం పెట్టడం చిన్న విషయం కాదు. హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ ఈ.ఎన్.టి. ఆసుపత్రిలో కూడా ఈ ఆపరేషన్లు చేస్తున్నారు. కేంద్ర ప్రభుత్వం 2014లో సవరించిన ఎడిప్ పథకం కింద ఏటా 500 మంది పిల్లలకు, ఒక్కొక్కరికి 6 లక్షల రూపాయల వరకు ఇచ్చే ఏర్పాటు చేసింది. దానిని నడిపించే సంస్థ ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ. అలీ యావర్ జంగ్ మన హైదరాబాదువారే, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసినవారు. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం మనకు దగ్గరలోనే, సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఉంది.

జీవన నాణ్యత అంటే ఏమిటి?

జీవన నాణ్యత అంటే ఇంట్లో టీవీ, ఫ్రిజ్ ఉండటం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని శరీర ఆరోగ్యం, మానసిక స్థితి, మనుషులతో సంబంధాలు, చుట్టూ ఉన్న పరిసరాలు అనే నాలుగు భాగాలుగా చూస్తుంది. ఇంప్లాంట్ ఉన్నవారి కోసం ప్రత్యేకంగా 2000 సంవత్సరంలో నెదర్లాండ్స్‌లోని నైమేహెన్ నగర పరిశోధకులు 60 ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. దానిలో ఆరు అంశాలు ఉన్నాయి. మామూలు శబ్దాలు గుర్తించడం, మాట, సంగీతం అర్థం చేసుకోవడం, స్వయంగా మాట్లాడగలగడం, ఆత్మగౌరవం, రోజువారీ పనులు చేసుకోగలగడం, నలుగురితో కలవడం.

ఈ ఆరింటిని జాగ్రత్తగా గమనించండి. మొదటి మూడింటిలో యంత్రం, థెరపీ చాలావరకు సహాయం చేస్తాయి. చివరి మూడు మాత్రం ఏ కంపెనీ పెట్టెలోనూ రావు. వాటిని ఇవ్వవలసింది ఇల్లు, వీధి, బడి, హాస్టల్. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఇదే.

సామాజిక తోడ్పాటు – నాలుగు రకాలు

సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ హౌస్ 1981లో సామాజిక తోడ్పాటును నాలుగు రకాలుగా విభజించాడు. వాటిని మా కాలనీలోని ఒక కుటుంబం ఉదాహరణతో వివరిస్తాను.

ఆ ఇంట్లో తండ్రి ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కార్మికుడు, తల్లి ప్యాకింగ్ పనికి పోయేది. బాబుకు నాలుగేళ్ల వయసులో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయింది. ఇప్పుడు పదకొండేళ్లు.

1. పనిసాయం: థెరపీ కోసం వారానికి రెండు రోజులు రెండు బస్సులు మారి నగరానికి వెళ్లాలి. వెళ్లిన రోజు కూలి పోయేది. చివరికి తల్లి పని మానేసింది. ఆ ఏడాది పక్కింటి పెద్దమ్మ వాళ్ల చిన్నపాపను చూసుకున్నది. ఆమె లేకపోతే ఆ థెరపీ మూడో నెలలోనే ఆగిపోయేదని తల్లి ఇప్పటికీ అంటుంది.

2. సమాచార సాయం: రెండేళ్ల తరువాత యంత్రం వైరు తెగింది. వైరు, కాయిల్, బ్యాటరీ ఒక్కొక్కటి వేలల్లో ఉంటాయి. ప్రాసెసర్ మార్చాలంటే లక్షలు. ఎవరిని అడగాలో, ఏ కాగితం పెట్టాలో వారికి తెలియలేదు. యంత్రం నాలుగు నెలలు బీరువాలోనే ఉండిపోయింది. ఆ నాలుగు నెలలు బాబు మళ్లీ ఏమీ వినలేదు. లక్షల రూపాయల ఆపరేషన్ ఒక్క వైరు దగ్గర ఆగిపోయింది. చివరికి వాళ్ల బడి టీచరమ్మ దరఖాస్తు రాసిపెట్టి, నలుగురి దగ్గర చందా పోగుచేసింది. కేరళ ప్రభుత్వం శ్రుతితరంగం పథకంతో పిల్లలకు ఇంప్లాంట్లు వేయించడమే కాక, పాత ప్రాసెసర్లను మార్చే పనిని కూడా చేపట్టింది. ప్రతి రాష్ట్రంలోనూ ఆపరేషన్‌తో పాటు ఆ తరువాతి ఖర్చు గురించి కూడా ఆలోచించవలసిన అవసరం ఉంది.

3. మానసిక సాయం: బాబును వీధి పిల్లలు మొదట్లో "మిషనోడు" అని పిలిచేవారు. వాడు యంత్రాన్ని టోపీ కింద దాచుకునేవాడు. టోపీ పెడితే మైకు మూసుకుపోయి సరిగా వినబడదు. సిగ్గు వల్ల వినికిడి పోవడమంటే ఇదే. తరువాత వాళ్ల క్రికెట్ టీమ్‌లో ఒక పిల్లవాడు వీడిని వికెట్ కీపర్‌గా పెట్టుకున్నాడు. టోపీ దానంతట అదే పోయింది.

4. మెప్పు, సలహా: బాబు "సైకిల్" అనడానికి "తైకిల్" అంటాడు. నవ్వితే మళ్లీ నోరు తెరవడు. "బాగా చెప్పినవ్, ఇంకోసారి చెప్పు" అంటే పదిసార్లు చెబుతాడు.

మన బొల్లారంలో మరొక చిక్కు కూడా ఉంది. ఇక్కడికి ఒడిశా, బీహార్ నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష. మామూలు పిల్లలు వీధిలో ఆడుకుంటూనే రెండూ నేర్చుకుంటారు. వినికిడి ఆలస్యంగా మొదలైన బిడ్డకు అది పెద్ద భారం. పైగా రేషన్ కార్డు సొంత ఊరిలో ఉంటే ఇక్కడి పథకం వర్తించదు. ఇలాంటివారికి దారి చెప్పే మనిషి ఒక్కడు దొరికినా అది పెద్ద తోడ్పాటే.

సంజ్ఞాభాషను చిన్నచూపు చూడరాదు

ఇంప్లాంట్ అందరికీ సరిపడదు. వయసు దాటినవారు, శ్రవణనాడి సరిగా లేనివారు, అసలు వద్దనుకునేవారు కూడా ఉన్నారు. బధిరులలో చాలామంది మాది లోపం కాదు, మాకు మా భాష ఉంది అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. భారతీయ సంజ్ఞాభాష కోసం 2015లో ఢిల్లీలో ఒక జాతీయ పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. ఇంప్లాంట్ ఉన్నవారు కూడా స్నానం చేసేటప్పుడు, నిద్రపోయేటప్పుడు యంత్రం తీసేస్తారు. అప్పుడు వారికి కూడా సైగలే ఆధారం. కాబట్టి నాలుగు సైగలు నేర్చుకోవడం మనకూ మంచిదే.

మన హాస్టల్ ఏం చేయగలదు?

ఆ బాబు ఇప్పుడు అయిదో తరగతి. వచ్చే జూన్‌లో వాడిని మన హాస్టల్‌లో చేర్చాలని తండ్రి అనుకుంటున్నాడు, కానీ భయపడుతున్నాడు. మొన్న నన్ను ఆపి ఇలా అడిగాడు: "తమ్మీ, నువ్వు హాస్టల్ల చదివినవ్ గదా. రాత్రి మిషను తీసి పండుకుంటే వీనికి ఏమీ ఇనరాదు. పొద్దుగాల గంట కొడితే ఎవరు లేపుతరు? చార్జింగు ఎవరు పెడ్తరు? పోరగాళ్లు గుంజి పారేస్తే నేనేడికెల్లి తేవాలె?"

ఈ ప్రశ్నలకు జవాబు ఒక్క వార్డెన్ సారు చెప్పలేరు. జవాబు చెప్పవలసింది మనమే. నాకు తోచినవి, చదివినవి ఇక్కడ రాస్తున్నాను.

1. పక్క మంచం వాడు జోడీగా ఉండాలి. ఉదయం గంటకు భుజం తట్టి లేపాలి. రాత్రి ఏ ప్రమాదం జరిగినా ముందు వాడిని లేపడం ఆ జోడీ బాధ్యత.

2. చార్జింగ్ కోసం ఒక ప్లగ్ కేటాయించాలి. కరెంటు పోతే వాడటానికి అదనపు బ్యాటరీ వార్డెన్ సారు గదిలో ఉంచాలి.

3. యంత్రానికి చెమట, తేమ పడవు. రాత్రి తేమ పీల్చే పొట్లం ఉన్న డబ్బాలో పెట్టి మూత వేయాలి. వానాకాలంలో ఇది మరీ ముఖ్యం. స్నానానికి, ఈతకు ముందు తీసేయాలి.

4. మాట్లాడేటప్పుడు ఎదురుగా, ముఖం వెలుతురులో ఉండేలా నిలబడాలి. అరవనవసరం లేదు. అర్థం కాకపోతే అదే మాటను వేరే పదాలతో చెప్పాలి. "ఏం లేదులే, వదిలెయ్" అనే మాట మాత్రం అనకూడదు. వినలేనివారిని అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఆ మాటే.

5. మన మెస్ హాలు సంగతి మీకు తెలిసిందే. వందమంది ఒకేసారి స్టీలు పళ్లేలు పెడితే మనకే చెవులు గింగురుమంటాయి. వాడిని గోడవైపు చివర కూర్చోబెట్టి, ఇద్దరు ముగ్గురు మాత్రమే పక్కన కూర్చుంటే మాటలు అందుతాయి. స్టడీ అవర్‌లో, తరగతిలో ముందు వరుస ఇవ్వాలి.

6. తల మీద కొట్టడం, యంత్రం లాగడం సరదాకు కూడా చేయరాదు. ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. తీయవలసి వస్తే ఇంప్లాంట్ ఉందని ముందుగా చెప్పాలి. ఈ సంగతి హాస్టల్ రిజిస్టర్‌లో ఎర్రసిరాతో రాసి ఉంచాలి.

7. మారుపేర్లు పెట్టరాదు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉన్నాయి. ఆ నాలుగులో ఒక శాతం వినికిడి లోపం ఉన్నవారిది. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు, పింఛను, స్కాలర్‌షిప్ – ప్రతిదానికీ ఒక ఫారం ఉంటుంది. మనలో చాలామందిమి మన ఇంట్లో మొట్టమొదట ఫారం నింపినవాళ్లం. మా ఇంట్లో డిగ్రీ చదివినవాడిని నేనే మొదటివాడిని. నాకు ఇంటర్‌లో స్కాలర్‌షిప్ ఫారం నింపి పెట్టింది ఈ హాస్టల్ సీనియర్ అన్నే. అలాంటి సాయం ఇలాంటి కుటుంబానికి ఎంత అవసరమో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. నెలకు ఒక ఆదివారం ఇద్దరు అన్నలు కూర్చుని కాలనీవారికి ఫారాలు నింపి పెడితే, బీరువాలో పడి ఉన్న యంత్రాలు ఎన్నో మళ్లీ చెవికి ఎక్కుతాయి. పూర్వ విద్యార్థుల సంఘం కొంత నిధి పక్కన పెట్టి వైర్లకు, బ్యాటరీలకు సాయపడినా గొప్ప మేలు.

ముగింపు

ప్రపంచంలో 43 కోట్ల మందికి వినికిడి సంబంధమైన సేవలు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదికలో చెప్పింది. ఆ సంఖ్య చూసి మనం ఏం చేయగలమని అనుకోనవసరం లేదు. మన వంతుకు వచ్చింది ఒక్క పిల్లవాడు. ప్రభుత్వం యంత్రం ఇచ్చింది, వైద్యుడు అమర్చాడు, తల్లి మాట నేర్పింది. ఇక మిగిలింది వాడితో మాట్లాడేవాళ్లు. జూన్‌లో ఆ తండ్రి ట్రంకుపెట్టె మోసుకుని మన గేటు దగ్గరికి వస్తే, పెట్టె అందుకోవడానికి ఇద్దరు, పక్క మంచం తీసుకోవడానికి ఒకరు ముందుకు రావాలని కోరుకుంటున్నాను. ఆ ఒక్కడు ఎవరో ఇప్పుడే నిర్ణయించుకుని వార్డెన్ సారుకు పేరు ఇవ్వండి. వెళ్లి ఆ తండ్రికి నేను చెబుతాను.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్.డబ్ల్యూ., బొల్లారం